సొంత ఆయుధం ఊరికి చేర్చడం - పద్ధతులు, ఖర్చులు

(సంఘం వార్షికోత్సవ సభలో ఒక రిటైర్డ్ సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడినవారు తెలుగు భాష గురించి, దేశం గురించి చాలా చక్కగా చెప్పారు. నాకు అంత చదువు లేదు. ఇంటర్ పాసై 1990లో ఈ.ఎం.ఈ.లో ఆర్మరర్‌గా భర్తీ అయినవాణ్ణి. 28 ఏళ్ళ సర్వీసులో నా చేతిలో ఉన్నది నూనె డబ్బా, క్లీనింగ్ రాడ్డు. మైకు పట్టుకున్నది తక్కువ. కార్యదర్శి గారు "సాబ్, మీకు తెలిసిన పని గురించి చెప్పండి, చాలు" అన్నారు కాబట్టి ఈ విషయం ఎంచుకున్నాను.

విషయం ఏమిటంటే, మనలో చాలామందికి సొంత లైసెన్సు మీద 12 బోర్ డబుల్ బ్యారెలో, పాయింట్ 315 రైఫిలో, పాయింట్ 32 రివాల్వరో ఉంటుంది. కొందరు సర్వీసులో ఉండగానే తీసుకుంటారు, పెన్షన్ వచ్చాక సెక్యూరిటీ ఉద్యోగానికి పనికివస్తుందని. పోస్టింగ్ మారినప్పుడు, ఊరికి వెళ్ళిపోయేటప్పుడు దాన్ని ఎలా తీసుకెళ్ళాలి? ఆ మధ్య పంజాబ్‌లో ఉన్న ఒక హవల్దారు తమ్ముడు ఫోన్ చేసి, "సాబ్, నా రైఫిల్ పార్సిల్ చేసేయనా? అమెరికాలో మా బావమరిది ఉన్నాడు, అక్కడ రైఫిల్ పోస్టులోనే పంపుతారంట, మనకేం రోగం?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. అందుకని అమెరికా సంగతితోనే మొదలుపెడతాను.

ఆ బావమరిది చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. అమెరికాలో 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం మామూలు మనిషి తన రైఫిల్‌ను గానీ షాట్‌గన్‌ను గానీ వాళ్ళ ప్రభుత్వ పోస్టులో ఇంకో రాష్ట్రానికి పంపవచ్చు. కానీ ఎవరికి? అక్కడున్న లైసెన్సు డీలరుకి మాత్రమే. ఇంకో రాష్ట్రంలో ఉన్న స్నేహితుడి ఇంటి అడ్రసు రాసి అతనికి ఇచ్చేయడానికి వీల్లేదు. తుపాకీ ఖాళీగా ఉండాలి, తూటా ఒక్కటి కూడా ఆ పోస్టులో పోకూడదు. డీలరు దాన్ని తన పుస్తకంలో నంబరుతో సహా ఎక్కించుకుని, తీసుకునేవాడి పూర్వాపరాలు విచారించి, తన ఫీజు తాను పట్టుకుని, అప్పుడు చేతికి ఇస్తాడు. పోస్టు ఖర్చు బరువును బట్టి, దూరాన్ని బట్టి, బీమా వేరే. అక్కడి పెద్ద ప్రైవేటు కొరియర్లు రెండు, 2022 నుంచి, లైసెన్సు ఉన్న వ్యాపారుల దగ్గర తప్ప మామూలు జనం దగ్గర తుపాకీ పార్సిల్ తీసుకోవడమే మానేశాయి. అంటే తుపాకులు అంత విరివిగా ఉన్న దేశంలో కూడా, అది హక్కున్న చేతి నుంచి హక్కున్న చేతికే పోతుంది, మధ్యలో ఒక రిజిస్టరు ఉంటుంది. మన కోత్‌లో సంతకం పెట్టి తీసుకున్నట్టే, సంతకం పెట్టి జమ చేసినట్టే.

మన దేశంలో ఆ పోస్టు దారి కూడా లేదు. కొరియర్ కంపెనీలు తీసుకోని వస్తువుల పట్టీలో తుపాకులు, తూటాలు ముందు వరుసలోనే ఉంటాయి. తూటా అంటే పేలుడు పదార్థం, పోస్టు సంచిలో పెట్టే వస్తువు కాదు. "తూటాలు తీసేసి, తుపాకీ ఒక్కటే విడదీసి, ఇనుప సామాను అని రాసి పంపితే?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. 1959 ఆయుధ చట్టం 29వ సెక్షన్ చూడండి. ఎదుటివాడికి దాన్ని ఉంచుకునే హక్కు ఉందో లేదో ముందుగా నిర్ధారించుకోకుండా ఆయుధం వాడి చేతికి ఇవ్వడమే నేరం. కొరియర్ కుర్రవాడికి లైసెన్సు ఉందా? వాడి గోడౌను మేనేజరుకి ఉందా? లేదు కదా. అబద్ధం రాసి పంపితే ఆ అబద్ధం ఇంకో నేరం. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకున్నవాడికి, 2019 సవరణ తర్వాత, రెండేళ్ళకు తగ్గకుండా ఐదేళ్ళ దాకా శిక్ష. పాపం ఆ కుర్రవాడు మీ వల్ల ఇరుక్కుంటాడు.

మనవాళ్ళు పోస్టు కంటే ఎక్కువగా చేసేది ఇంకొకటి ఉంది. అదే నాకు భయం. ఇంటి సామాను లారీకి ఎక్కించేటప్పుడు నల్ల ట్రంకు పెట్టెలో, రజాయిల మధ్యన తుపాకీ పెట్టి తాళం వేస్తారు. తాము మాత్రం పిల్లలతో రైలెక్కుతారు. లైసెన్సు పుస్తకం జేబులో భద్రంగా ఉంటుంది, తుపాకీ వెయ్యి కిలోమీటర్ల దూరంలో డ్రైవరు వెనకాల ఉంటుంది. నాకు తెలిసిన ఒక నాయక్ విషయంలో ఇదే జరిగింది. రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర వేరే దేనికోసమో సోదా చేస్తుంటే పెట్టె తెరిపించారు. డ్రైవరు, క్లీనరు లోపల కూర్చున్నారు. మనవాడు లైసెన్సు పట్టుకుని పరుగెత్తాడు. లైసెన్సు అసలైనదే, తుపాకీ నంబరు సరిపోయింది, గడువు కూడా ఉంది. అయినా అది అతని చేతిలో లేదు కదా అన్నారు. లాయరు ఫీజులు, వాయిదాలకు వేరే రాష్ట్రం ప్రయాణాలు, కొత్త ఉద్యోగంలో సెలవులు. అతనికి అయిన ఖర్చుతో అలాంటివి మూడు తుపాకులు కొనవచ్చు. తుపాకీ మాత్రం కేసు ముద్దాయిలాగా స్టేషను గదిలోనే తుప్పు పట్టింది.

ఇక్కడ రెండు మాటలు వేరు చేసి అర్థం చేసుకోవాలి. లైసెన్సుదారుడు తన ఆయుధాన్ని లైసెన్సులో రాసిన ప్రాంతంలో తన వెంట తీసుకెళ్ళడం ఒకటి. దాన్ని సరుకులాగా వేరొకరి ద్వారా రవాణా చేయించడం మరొకటి. రెండోదాని మీద ఆంక్షలు పెట్టడానికి చట్టం 12వ సెక్షన్‌లో ప్రభుత్వానికి వేరే అధికారం ఇచ్చారు. అది డీలర్లు, ఫ్యాక్టరీలు చూసుకునే వ్యవహారం. మనకు సంబంధించింది మొదటిదే. చిన్న వెసులుబాటు ఒకటి ఉంది. లైసెన్సుదారుడి సమక్షంలో గానీ, అతను రాసిచ్చిన అధికారపత్రంతో గానీ, మరమ్మతుకో, లైసెన్సు రెన్యువల్‌కో, అతని వాడకం కోసమో వేరొకరు ఆయుధం మోయవచ్చని 3వ సెక్షన్‌లోనే ఉంది. ముసలాయన మంచం మీద ఉంటే కొడుకు రెన్యువల్‌కి తీసుకెళ్ళడానికి అది పనికివస్తుంది. దాన్ని పట్టుకుని బావమరిది చేతికిచ్చి ఢిల్లీ నుంచి గుంటూరు పంపుతానంటే మాత్రం నేను ఒప్పుకోను.

సరే, చేయవలసింది ఏమిటి? బయలుదేరడానికి కనీసం రెండు నెలల ముందు లైసెన్సు పుస్తకం తీసి దీపం కింద పెట్టి చదవండి. నిజంగా చదవండి. మనలో చాలామంది ఫోటో ఉన్న పేజీ తప్ప చూడరు. ప్రాంతం అని ఒక గడి ఉంటుంది. అందులో ఒక జిల్లా పేరే ఉందా, రాష్ట్రం ఉందా, దేశమంతా చెల్లుతుందని ఉందా? జిల్లాకో రాష్ట్రానికో పరిమితమైతే ఆ హద్దు దాటి తీసుకెళ్ళకూడదు. ముందు ప్రాంతం పెంచమని ఇచ్చిన అధికారికే దరఖాస్తు పెట్టాలి. గడువు చూడండి; 2019 సవరణతో మూడేళ్ళ గడువు ఐదేళ్ళయింది, కానీ పాత పుస్తకాల మీద పాత తేదీయే ఉంటుంది. యూ.ఐ.ఎన్. అనే జాతీయ నంబరు ఉండి తీరాలి, అది లేని లైసెన్సు ఇప్పుడు చెల్లదు. బ్యారెల్ మీద నంబరు, పుస్తకంలో నంబరు అక్షరం అక్షరం కలవాలి. నేను ఆర్మరర్‌గా చూసినవాటిలో మూడు చోట్ల 8కి బదులు 3 రాసి ఉంది. రోడ్డు మీద కానిస్టేబులుకి ఆ తేడా చాలు. ఇంకొక మాట, ఒక మనిషికి మూడు ఆయుధాల పరిమితిని అదే 2019 సవరణ రెండుకి తగ్గించింది. మూడోది ఇంకా అటక మీద ఉన్నవారు ఈ సభ అయ్యాక నన్ను కలవకండి, నేరుగా పోలీసు స్టేషనుకి వెళ్ళండి.

ఆయుధం యూనిట్ కోత్‌లో జమ ఉంటే అక్కడి నుంచి తీసేటప్పుడు సీఓ గారి అనుమతి, కోత్ రిజిస్టరులో సంతకం, దాని నకలు తీసుకోండి. మూవ్‌మెంట్ ఆర్డరు గానీ డిస్చార్జ్ కాగితం గానీ జేబులో ఉంచుకోండి. లైసెన్సు మాత్రం అసలుదే వెంట ఉండాలి, జిరాక్సు కాదు, ఫోనులో ఫోటో కాదు.

రైల్లో అయితే తుపాకీ ఖాళీ చేసి, కేసులో పెట్టి, మీ బెర్తు దగ్గరే ఉంచుకోవాలి, పార్సిల్ బోగీలో వేయకూడదు. డబుల్ బ్యారెల్ అయితే మూడు ముక్కలవుతుంది - బ్యారెళ్ళు, ముందు కర్ర, బట్టు. రైఫిల్ అయితే బోల్టు తీసి వేరే సంచిలో పెట్టండి. తూటాలు ఇంకో చోట, తాళంలో. రాత్రి ఇద్దరిలో ఒకరు మేలుకోవాలి. సెంట్రీ డ్యూటీ మనకు కొత్తా ఏమన్నానా? రైల్వే పోలీసులు అడిగితే ముందు లైసెన్సు చూపండి, తర్వాతే పెట్టె మీద చెయ్యి వేయండి. స్పాంజి వేసిన కేసులు చూడటానికి బాగుంటాయి గానీ, ఇంటికి చేరిన రోజే తుపాకీ బయటికి తీయాలి. స్పాంజి చెమ్మ పీల్చుకుంటుంది, మన కోస్తా గాలికి నెల రోజుల్లో బ్యారెల్ మీద ఎర్రటి మచ్చలు వస్తాయి. ఇది చట్టం కాదు, ఆర్మరర్ మాట.

విమానంలో అయితే చేతి సంచిలో ఎట్టి పరిస్థితుల్లోనూ కుదరదు. టికెట్టు కొనేముందే ఎయిర్‌లైన్‌కి చెప్పాలి, చెక్-ఇన్ దగ్గర ప్రకటించాలి, ఖాళీగా ఉందని వాళ్ళ ముందు చూపాలి, అప్పుడు లగేజీలో పోతుంది. తూటాలకు అంతర్జాతీయ నియమం మనిషికి 5 కిలోలు మించకూడదని. కంపెనీలు ఇంకా తక్కువ పెట్టవచ్చు. ఆయుధం తీసుకెళ్ళడానికి కంపెనీలు వేరే రుసుము వసూలు చేస్తాయి. అది ఒక్కొక్కరిది ఒక్కో రకం, కౌంటరు దగ్గర బేరాలు ఉండవు.

విమానం అన్నాను కాబట్టి ఒక సంగతి. తుపాకీ అసలే లేనివాళ్ళు కూడా వినండి. ఫైరింగ్ రేంజికి తీసుకెళ్ళిన పాత పిట్టూ సంచితో సెలవు మీద ఎయిర్‌పోర్టుకి వస్తారు, దాని అడుగు జేబులో ఒక్క రౌండు మిగిలి ఉంటుంది. ఎక్స్‌రేలో పడుతుంది, కేసు అవుతుంది. తెలిసి దగ్గర ఉంచుకుంటేనే నేరం అని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట మీద ఇలాంటి కేసులు హైకోర్టుల్లో కొట్టివేతకు వస్తూనే ఉన్నాయి. కానీ హైకోర్టు దాకా వెళ్ళడానికి అయ్యే ఖర్చు ఎవరిస్తారు? మీ విమానం అయితే ఆగదు. సంచి ముందురోజే తిరగేసి దులపండి.

ఇక ఊరు చేరాక. మకాం శాశ్వతంగా మారినా, ముప్పై రోజులు మించి వేరేచోట ఉంటూ ఆయుధం అక్కడికి తీసుకెళ్ళినా, ముప్పై రోజుల లోపల కొత్త చోటి లైసెన్సు అధికారికి, పాత చోటి అధికారికి, ఇద్దరికీ రాతపూర్వకంగా తెలియజేయాలి. మన వైపు జిల్లాల్లో కలెక్టరు, హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో పోలీసు కమిషనరు. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఎన్నికల సమయంలో ఆయుధాలు జమ చేయమని ఉత్తర్వులు వస్తాయి, అప్పుడు ప్రయాణమే పెట్టుకోకండి.

ఖర్చు ఎంత అని అడుగుతారు. నా సంగతి చెబుతాను. 2018లో నేను నా డబుల్ బ్యారెల్‌తో గిద్దలూరు చేరాను. తాళాలతో గట్టి పెట్టె 1,800 రూపాయలు. జిరాక్సులు, నోటరీ 300. ఆటోలో తుపాకీ పెట్టెతో వెళ్ళడం ఇష్టంలేక స్టేషను నుంచి టాక్సీ 900. ఇల్లు కట్టుకుంటూ అద్దె కొంపలో ఉన్నాం కాబట్టి లైసెన్సు డీలరు దగ్గర నాలుగు నెలలు జమ ఉంచాను, నెలకు 150 చొప్పున 600. పాత జిల్లా నుంచి ధృవీకరణ వచ్చేదాకా ఒంగోలు కలెక్టరాఫీసుకి మూడుసార్లు. బస్సు, భోజనం, ఒక రాత్రి లాడ్జి కలుపుకుని 3,000. మొత్తం 6,600. రెన్యువల్ ఫీజు ఇందులో లేదు. నా తుపాకీ పాతది. అమ్మితే ఎంత వస్తుందో మా ఆవిడ ఇప్పటికీ నన్ను అడుగుతూనే ఉంది.

ఆమె అడగడంలో న్యాయం ఉంది. తుపాకీ అవసరం లేదనుకుంటే మోసుకెళ్ళకుండా ఉన్నచోటే అమ్మేయడం నయం. లైసెన్సు ఉన్నవాడికే అమ్మాలి. అమ్ముతున్న సంగతి, కొనేవాడి పేరు, అడ్రసు జిల్లా మేజిస్ట్రేటుకి గానీ దగ్గరి పోలీసు స్టేషనుకి గానీ రాసిచ్చి, 45 రోజులు గడిచాకే చేతికివ్వాలి. రెండు నెలల ముందు మొదలుపెట్టమన్నది ఇందుకే.

సెక్యూరిటీ ఉద్యోగం కోసం ఉంచుకునేవాళ్ళకు మాత్రం గట్టిగా ఒక మాట చెప్పాలి. లైసెన్సు మీ పేరున ఉంది, కంపెనీ పేరున లేదు. సూపర్‌వైజరు "నీ గన్ ఈ రాత్రికి ఇక్కడ పెట్టి వెళ్ళు, ఇంకో గార్డు వాడుకుంటాడు" అంటే కుదరదని చెప్పండి. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. జమ్మూ కాశ్మీర్ పోస్టింగ్‌లో ఉండగా ఏజెంటు ద్వారా లైసెన్సు తీసుకున్నవారు ఇంకా జాగ్రత్త పడాలి. 2012 నుంచి 2016 మధ్య అక్కడి జిల్లాల్లో ఇచ్చిన 2 లక్షల 78 వేలకు పైగా లైసెన్సుల వ్యవహారం సీబీఐ దర్యాప్తుకి వెళ్ళింది. అక్కడ పనిచేసి వచ్చామన్నది ఒక్కటే మనకు రక్షణ కాదు. ఆ ఆఫీసు రిజిస్టరులో మీ దరఖాస్తు నిజంగా ఉందో లేదో రాసి తెలుసుకోండి.

చివరిగా అక్కచెల్లెళ్ళకు. ఇది మా ఊళ్ళో 2021లో జరిగింది. నాతోపాటు పనిచేసిన హవల్దారు ఒకాయన కరోనాతో పోయాడు. దినకర్మ అయిన మర్నాడు ఆయన భార్య నన్ను పిలిపించింది. బీరువాలో చీరల వెనకాల తుపాకీ, డబ్బాలో పదహారు తూటాలు. పెద్దబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం. "బాబాయ్, రాత్రి బస్సులో డిక్కీలో వేసుకుని నేను తీసుకుపోతా, నాన్న గుర్తుగా ఉంటుంది" అన్నాడు. ఆ పిల్లవాడి బాధ నాకు అర్థమైంది. కానీ మనిషి పోయిన రోజుతో ఆ లైసెన్సు తీరిపోయింది. ఇప్పుడది ఎవరిదీ కాదు, దగ్గర పెట్టుకున్న ఆ తల్లి మీదే మొదట కేసు వస్తుంది. 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషనులో గానీ లైసెన్సు డీలరు దగ్గర గానీ జమ చేయాలి. సర్వీసులో ఉన్నవాడి ఆయుధమైతే యూనిట్ ఆయుధాగారంలో జమ చేయవచ్చని చట్టంలోనే రాశారు, ఇది మన సర్వింగ్ తమ్ముళ్ళు గుర్తుంచుకోవాలి.

మేము తుపాకీ పట్టుకుని వీధిలోకి వెళ్ళలేదు. నేను ఖాళీ చేసి చూసి, మళ్ళీ బీరువాలో పెట్టించి, స్టేషనుకి ఫోన్ చేశాను. మొదట వాళ్ళు "రేపు తీసుకురండి" అన్నారు. ఆవిడకు మోసుకొచ్చే హక్కు లేదండీ, మీరే రావాలి అని వినయంగానే చెప్పాను. సాయంత్రానికి ఒక హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. తుపాకీ నంబరు, తూటాల లెక్క, తేదీ వేసి రసీదు రాయించుకున్నాం. రసీదులో తూటాల సంఖ్య లేకపోతే సంతకం పెట్టవద్దు అన్నాను, ఆవిడ గట్టిగా నిలబడి రాయించుకుంది. వారసుడికి హక్కు పోలేదు. 2016 ఆయుధ నియమాలు 25వ నియమం ప్రకారం చట్టబద్ధమైన వారసుడు తన పేరున లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. లైసెన్సుదారుడు బతికి ఉండగానే, డెబ్బై ఏళ్ళు నిండినా, ఆయుధం తీసుకుని ఇరవై ఐదేళ్ళయినా, ఏది ముందైతే అది, తాను ఎంచుకున్న వారసుడికి ఇప్పించవచ్చు. ఆ అబ్బాయి సంవత్సరం ఆలోచించి, చివరికి వద్దనుకుని, డీలరు ద్వారా అమ్మించాడు. వచ్చిన డబ్బులతో వాళ్ళమ్మ నాన్న ఫోటోకి వెండి ఫ్రేము చేయించింది.

కాబట్టి సోదరులారా, లైసెన్సు పుస్తకం, కోత్ రసీదు, పాత దరఖాస్తుల నకళ్ళు ఎక్కడున్నాయో మీ ఇంట్లోవాళ్ళకు ఈ రాత్రికే చూపించండి. మకాం మార్పు తెలియజేసే ఉత్తరం నమూనా, 45 రోజుల నోటీసు నమూనా నేను తెలుగులో, ఇంగ్లీషులో రాసి తెచ్చాను. భోజనాల హాలు పక్కన బల్ల మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. ఎవరిదైనా పుస్తకంలో అనుమానం ఉంటే భోజనాలయ్యాక అక్కడే కూర్చుంటాను. తుపాకీ మాత్రం తేవద్దు, పుస్తకం చాలు.

జై హింద్.